కింద ఖాళీ వద్దు, పక్కన ఖాళీ కావాలి



మీ ఇంట్లో టైల్స్ నేల ఉంటే, ఈ మాటలు వింటూనే ఒక చిన్న పని చేయండి. ఒక రూపాయి బిళ్ళ తీసుకోండి. కూర్చున్న చోటనే ఒక టైలు మధ్యలో కొట్టండి. తర్వాత దాని నాలుగు మూలల్లోనూ కొట్టండి. చెవిపెట్టి వినండి. కొన్నిచోట్ల టక్కుమని గట్టిగా మోగుతుంది. కొన్నిచోట్ల డబడబమని బోలుగా మోగుతుంది. బోలుగా మోగిన చోట టైలు కింద గాలి ఉంది. అక్కడ టైలుకీ, కింది కాంక్రీటుకీ పట్టు లేదు.

కంగారు పడకండి. ఎక్కడో ఒక మూల బోలుగా మోగినంత మాత్రాన ఇల్లు పాడైపోయినట్టు కాదు. అలాంటి టైలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవచ్చు. అయితే కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు, పాత గచ్చు మీద టైల్స్ వేయించాలనుకుంటున్నవారు ఈ పూట నా మాట కాస్త శ్రద్ధగా వినండి. దుకాణానికి వెళ్తే మనం రంగు చూస్తాం, మెరుపు చూస్తాం, అడుగు ఎంత అని బేరమాడతాం. ఆ నేల పదేళ్ళు ఉంటుందా, ముప్ఫై ఏళ్ళు ఉంటుందా అన్నది మాత్రం మనం చూడని రెండు చోట్ల తేలుతుంది. ఒకటి, టైలు కింద. రెండోది, టైలుకీ టైలుకీ మధ్య.

ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కింద ఖాళీ ఉండకూడదు. పక్కన ఖాళీ ఉండి తీరాలి. మళ్ళీ చెప్తున్నాను. టైలు కింద ఖాళీ ఉండకూడదు, టైలు పక్కన ఖాళీ ఉండి తీరాలి. మన ఇళ్ళల్లో చాలాచోట్ల జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. కింద గాలి వదిలేస్తారు. పక్కన సందు లేకుండా బిగించేస్తారు.

ముందు కింది సంగతి చూద్దాం.

ఈసారి టైల్స్ కొనడానికి వెళ్ళినప్పుడు రెండు టైల్స్ అడిగి తీసుకోండి. ఒకటి గోడలకు వేసే సిరామిక్ టైలు. ఇంకొకటి నేలకు వేసే పోర్సిలిన్ టైలు. మన బజార్లో దీన్ని విట్రిఫైడ్ అంటారు. రెండింటినీ బోర్లా తిప్పండి. వెనకవైపు ఒక్కో నీటి చుక్క వేయండి. సిరామిక్ టైలు మీరు చూస్తుండగానే ఆ చుక్కను పీల్చేస్తుంది. తడి మరక మాత్రం మిగులుతుంది. పోర్సిలిన్ టైలు మీద ఆ చుక్క అలాగే నిలబడి ఉంటుంది. కాసేపాగి వేలితో తుడిస్తే, కింద పొడి టైలే.

గోడ టైలు వంద గ్రాములుంటే, పది గ్రాములకు పైగానే నీళ్ళు తాగుతుంది. పోర్సిలిన్ టైలు వంద గ్రాములుంటే, అర గ్రాముకు మించి తాగదు. మెత్తటి మట్టిపొడిని యంత్రంతో గట్టిగా అదిమి, దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి అందులో సన్న రంధ్రాలు దాదాపుగా ఉండవు. అందుకే అది గట్టిది. అందుకే మరక పట్టదు. కానీ అందుకే, పాత పద్ధతిలో వేస్తే కిందికి అతుక్కోదు కూడా.

పాత పద్ధతి అంటే ఏమిటి? బేతంచెర్ల రాయి, తాండూరు బండ, మొజాయిక్ బిళ్ళ, ఇవన్నీ ఎంతో కొంత నీరు పీల్చేవే. మన మేస్త్రులు ఇసుక, సిమెంటు మాలు పరిచి, దాని మీద సిమెంటు పాలు పోసి, రాయిని తడిపి కూర్చోబెట్టేవారు. రాయి ఆ సిమెంటు పాలను లోపలికి లాక్కునేది. సిమెంటు దాని రంధ్రాల్లోకి దిగి, అక్కడే గట్టిపడేది. తరాల తరబడి ఆ పని నిలిచింది. మీ తాతల ఇంట్లో ఇప్పటికీ ఆ బండలు కదలకుండా ఉండే ఉంటాయి.

అదే సిమెంటు పాల మీద విట్రిఫైడ్ టైలు పెడితే, అది ఏమీ లాక్కోదు. ఆ రోజుకు అతుక్కున్నట్టే కనబడుతుంది. కొన్నేళ్ళకు ఊడి వచ్చిన టైలును తిప్పి చూడండి. వెనక సిమెంటు మరక కూడా ఉండదు. ఇప్పుడే పెట్టెలోంచి తీశారా అనిపిస్తుంది. ఇందులో మేస్త్రిని తప్పుపట్టడం అన్యాయం. ఆయన చేతికి వచ్చిన పని నీరు పీల్చే రాయితో వచ్చింది. టైలు మారింది. మారిందన్న మాట ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

కాబట్టి విట్రిఫైడ్ టైలుకు దాని కోసం తయారుచేసిన జిగురు వాడాలి. టైల్ అడ్హెసివ్ అని సంచుల్లో దొరుకుతుంది. మేస్త్రులు గమ్ము అంటారు. అది కూడా సిమెంటు పొడే, కాకపోతే అందులో పాలిమర్ కలిపి ఉంటుంది. నీరు పీల్చని టైలును కూడా అది పట్టుకుంటుంది. సంచి మీద ఐ.ఎస్. 15477 అనే నంబరు ఉందా చూడండి. విట్రిఫైడ్ టైల్స్‌కు పనికొస్తుందని రాసి ఉందా చూడండి. ఈ రెండూ లేకపోతే ఆ సంచి వద్దనండి.

ఇంతకీ ఆ జిగురు పట్టుకోవాల్సింది దేన్ని? కాంక్రీటును. కాంక్రీటు మీదున్న దుమ్మును కాదు. మన దగ్గర టైల్స్ వేసే సమయానికి గోడల పూత అయిపోయి ఉంటుంది, ఒక్కోసారి పుట్టీ కూడా అయిపోయి ఉంటుంది. నేల మీద ఎండిపోయిన మాలు ముద్దలు, పుట్టీ చుక్కలు, రంగు మరకలు ఉంటాయి. వాటి మీదే జిగురు రాస్తే, జిగురు పుట్టీని పట్టుకుంటుంది. పుట్టీ కాంక్రీటును వదిలేస్తుంది. అంతే సంగతి. గీకించండి, ఊడ్పించండి, కడిగించండి. తర్వాత నేల మీద అక్కడక్కడ నీళ్ళు చిలకరించండి. నీళ్ళు ఇంకిపోతే నేల సిద్ధంగా ఉంది. చుక్కలు చుక్కలుగా నిలబడిపోతే అక్కడ నూనో, రంగో, ఇంకేదో పొర ఉంది. దాన్ని తొలగించే దాకా టైలు ముట్టుకోనివ్వకండి.

కొత్తగా పోసిన కాంక్రీటు అయితే కనీసం 28 రోజులు ఆగాలి. ఇక్కడే గృహప్రవేశం ముహూర్తం మనల్ని తరుముతుంది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుని, ఆషాఢంలో నేల కాంక్రీటు పోయించి, వారం తిరక్కుండా టైల్స్ మొదలుపెట్టించే ఇళ్ళు ఎన్నో. దయచేసి ఆ పని చేయకండి. ముహూర్తానికి గచ్చు మీదే పాలు పొంగించుకోవచ్చు. టైల్స్ నిదానంగా వేయించుకోవచ్చు. బంధువులు ఏమనుకుంటారోనని నేలను తొందరపెడితే, ఆ బంధువులు వెళ్ళిపోయాక ఆ నేల మీద నడవాల్సింది మీరే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉన్నవారికి ఇంకో మాట. నేలలో నీరు పైకే ఉండే ఊళ్ళలో కింది అంతస్తు గచ్చుకు చెమ్మ ఎక్కుతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. రెండడుగుల చదరం ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒక పగలు, ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు తీసి చూడండి. కాగితం అడుగున నీటి బొట్లు ఉన్నా, కింద నేల నల్లబడినా, చెమ్మ వస్తున్నట్టే. ముందు దాని సంగతి చూసుకోవాలి. తర్వాతే టైల్స్.

నేల ఎగుడుదిగుడు కూడా చూసుకోవాలి. మేస్త్రి దగ్గర పొడవాటి అల్యూమినియం పట్టీ ఉంటుంది. పదడుగుల పట్టీని నేల మీద నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి చూడమనండి. పట్టీ కింద సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. అంటే సుమారుగా రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. రెండడుగులు, నాలుగడుగుల పెద్ద టైల్స్ వేయించేటప్పుడు ఇది మరీ ముఖ్యం. పల్లం ఉంటే ముందే పూడ్చుకోవాలి. ఆ పల్లాన్ని టైలు వేసేటప్పుడు జిగురుతో నింపుదాంలే అనుకుంటే, ఒకచోట జిగురు మందంగా, ఒకచోట పలచగా పడుతుంది. మందంగా ఉన్నది ఆరుతూ ఎక్కువ కుంగుతుంది. టైలు అంచులు ఒకదానికొకటి తేడా వస్తాయి. కాలి వేలికి తగులుతాయి.

ఇప్పుడు అసలు పని దగ్గరికి వద్దాం. కింద ఖాళీ ఉండకూడదని చెప్పాను కదా. ఆ ఖాళీ ఎలా వస్తుందో ఒక ఇంట్లో నా కళ్ళతో చూశాను. హాల్లో పని జరుగుతోంది. టైల్స్ వరుసగా, తీరుగా పడుతున్నాయి. ఆ ఇంటావిడ వచ్చి, “మేస్త్రిగారూ, ఇప్పుడు వేసిన టైలు ఒక్కటి తీసి చూపిస్తారా?” అని అడిగింది.

“వేసింది మళ్ళీ తీస్తే ఎలాగమ్మా, గమ్ము దండగ కదా!”

“ఆ దండగేదో నేను పెట్టుకుంటాను. ఒక్కటి తీయండి.”

ఆయన రెండు తాపీలు అంచుల కింద దూర్చి టైలు లేపాడు. అడుగున చూస్తే నాలుగు మూలలకు దగ్గరగా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద. మిగిలిందంతా ఖాళీ. మూలల చివర్లకు జిగురు అందనే లేదు.

రేపు ఆ మూల మీద ఏం పడుతుంది? నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు ఉంటుంది. దాన్ని తెచ్చిన అబ్బాయి అంచు మీద దొర్లించి దించుతాడు. ఆ బరువంతా వేలెడు జాగా మీద పడుతుంది. కింద జిగురు ఉంటే ఆ దెబ్బ కాంక్రీటు మోస్తుంది. కింద గాలి ఉంటే టైలు ఒక్కటే మోయాలి. అది మోయలేదు. మూల విరుగుతుంది.

ఆ ఇంటావిడ పళ్ళున్న తాపీ కొని తెప్పించింది. మేస్త్రి మారు మాట్లాడకుండా దానితో మొదలుపెట్టాడు. తీరు ఇదీ. ముందు టైలు వెనకవైపు తడిగుడ్డతో తుడిచాడు. ఎందుకంటే బట్టీలో అంటుకోకుండా రాసిన తెల్లపొడి అక్కడ మిగిలి ఉంటుంది. తర్వాత తాపీ నున్నటి అంచుతో జిగురును నేలకు గట్టిగా రుద్దాడు. దాని మీద ఇంకొంచెం వేసి, పళ్ళ అంచుతో ఒకే దిక్కుగా గీశాడు. గట్లు గట్లుగా పడింది. టైలు పెద్దది కాబట్టి దాని వెనక కూడా పలచగా ఒక పూత పూశాడు. కూర్చోబెట్టి, గట్లకు అడ్డంగా ముందుకూ వెనక్కూ కదిలించి నొక్కాడు. అలా కదిలిస్తే గట్లు కూలి, మధ్యలో గాలి బయటికి పోతుంది. గుండ్రంగా గీస్తే గాలి పోవడానికి దారి ఉండదు.

మళ్ళీ ఒక టైలు లేపారు. ఈసారి మూలల దాకా నిండుగా జిగురు. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, “ఇట్లా పడితే మూల విరగదమ్మా” అన్నాడు.

మీరూ అడగండి. వేసిన టైలు ఒకటి తీసి చూపించమని అడగండి. మొదటి రోజు ఒకసారి, మధ్యలో ఇంకోసారి. హాల్లోనూ, గదుల్లోనూ టైలు వెనక నూటికి ఎనభై వంతులకు తగ్గకుండా జిగురు అంటి ఉండాలి. బాత్రూములో, డాబా మీద తొంభై అయిదు వంతులు ఉండాలి. మూలలు మాత్రం ఎక్కడైనా నిండుగా ఉండాలి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కిటికీలు తెరిచి పని చేస్తుంటే, నేల మీద గీసిన జిగురుకు పాల మీద మీగడ కట్టినట్టు పొర కడుతుంది. పైకి తడిగానే కనబడుతుంది. వేలితో తాకి చూడండి. వేలికి అంటితే సరే. అంటకపోతే దాన్ని గీకి పారేయాల్సిందే. బకెట్లో గట్టిపడిన జిగురులో మళ్ళీ నీళ్ళు పోసి కలపడం మన దగ్గర మామూలైపోయింది. దాంతో జిగురు బలం పోతుంది. కొద్దికొద్దిగా కలుపుకోవడం, రెండు మూడు టైల్స్‌కు సరిపడా మాత్రమే గీసుకోవడం, ఎండాకాలంలో ఇంతకన్నా ఉపాయం లేదు.

ఇక రెండో మాట. పక్కన ఖాళీ ఉండి తీరాలి.

టైల్స్ లేచిపోయిన ఇల్లు మీరు చూసే ఉంటారు. ఏళ్ళుగా బాగున్న నేల. ఒక రాత్రి హాల్లో ఢామ్మని చప్పుడు. ఇంట్లోవాళ్ళు ఉలిక్కిపడి లేస్తారు. లైటు వేసి చూస్తే, హాలు మధ్యలో రెండు టైల్స్ అంచులు ఒకదానికొకటి ఆనుకుని పైకి లేచి ఉంటాయి. కొందరు భూకంపం అనుకుంటారు. కొందరు వాస్తు అనుకుని సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్తారు. అది భూకంపమూ కాదు, వాస్తూ కాదు. చోటు చాలకపోవడం.

ఎలాగో చెప్తాను. కాంక్రీటు పోసిన తర్వాత నెలల తరబడి, ఏళ్ళ తరబడి మెల్లగా ఆరుతూ కుంచించుకుపోతుంది. ఇరవై అడుగుల హాలులో అది రెండు మూడు మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. పైన ఉన్న టైలు కుంచించుకుపోదు. పైగా ఎండ తగిలితే వ్యాకోచిస్తుంది. కింద నేల తగ్గుతోంది, పైన టైలు తగ్గట్లేదు. టైల్స్ మధ్య సందు లేదు. గోడ దగ్గర కూడా సిమెంటుతో బిగించేశారు. ఇక ఆ ఒత్తిడి ఎటు పోవాలి? పైకి పోవాలి. ఎక్కడ పట్టు తక్కువో, ఎక్కడ బోలుగా ఉందో అక్కడ లేస్తుంది. కింద ఖాళీ, పక్కన బిగింపు. రెండు తప్పులూ కలిసినప్పుడే టైలు లేస్తుంది.

దుకాణాల్లో ‘జాయింట్ ఫ్రీ’ అని చెప్పి అమ్ముతారు. సందు లేకుండా వేస్తే నేలంతా ఒకే పలకలా ఉంటుందని మనకూ మోజు. ఈ మోజును వదులుకోమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. టైలుకీ టైలుకీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండేలా స్పేసర్లు పెట్టించండి. ఆ సందులో టైలు రంగుకు కలిసే గ్రౌట్ నింపిస్తే అది అసలు కంటికి ఆనదు. గోడ చుట్టూ చిటికెన వేలు గోరంత వెడల్పు ఖాళీ వదిలించండి. దాన్ని సిమెంటుతో పూడ్చనివ్వకండి. పైన స్కర్టింగ్ వస్తుంది కాబట్టి ఎవరికీ కనబడదు. హాలు ఇరవై, ఇరవై అయిదు అడుగులు దాటితే మధ్యలో ఒక వరుస సందులో గ్రౌట్‌కు బదులు సిలికాన్‌లాంటి మెత్తటి సీలెంట్ నింపించండి. ఎండ పడే డాబా మీద అయితే ఎనిమిది, పది అడుగులకే అలాంటి సందు కావాలి. కాంక్రీటులోనే ముందుగా వదిలిన జాయింట్ ఉంటే, దాన్ని టైలుతో కప్పేయకూడదు. అదే గీత మీద పైన కూడా సందు రావాలి.

బాత్రూము సంగతి ఒక్క నిమిషం. టైల్స్ నీళ్ళను ఆపవు. గ్రౌట్ కూడా ఆపదు. నీళ్ళను ఆపేది టైలు కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పూత. అది వేసి, నీళ్ళు నిలబెట్టి, కింది అంతస్తులో కారడం లేదని చూసుకున్నాకే టైల్స్ వేయించండి. వాటం జాలీ వైపు ఉండాలి. బాత్రూముకు మెరిసే టైలు వద్దు. గరుకు టైలే వేయించండి. ఇంట్లో పెద్దవాళ్ళు తడి నేల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడితే, ఆ మెరుపు ఎవరికి కావాలి?

ఇప్పుడు చెప్పబోయేది టైలు గురించి కాదు. టైలు కోసే మనిషి గురించి. పోర్సిలిన్ టైలును పొడిగా కటింగ్ మెషిన్‌తో కోస్తే గదంతా తెల్లటి దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు. ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. రాజస్థాన్ నుంచో, ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చి మన ఇళ్ళల్లో పనిచేసే పాతికేళ్ళ కుర్రాళ్ళు ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఆ దుమ్ములో కూర్చుంటారు. తువ్వాలు ఆ దుమ్మును ఆపలేదు. బ్లేడు మీద నీళ్ళు పడేలా కోయమనండి. దుమ్ము చాలా తగ్గుతుంది. ఆరుబయట కోయమనండి. మంచి మాస్కులు మీరే కొని ఇవ్వండి. టైల్స్‌కు లక్షలు పెడుతున్నాం. ఆ కుర్రాడి ఊపిరికి ఆ కాస్త ఖర్చు మన బాధ్యతే.

కూలి విషయంలో నా అభిప్రాయం కూడా చెప్తాను. మన దగ్గర టైల్స్ పని అడుగు లెక్కన జరుగుతుంది. ఎన్ని అడుగులు వేస్తే అంత డబ్బు. మరి నేల గీకడానికి, కడగడానికి, మట్టం చూడటానికి, టైలు వెనక పూత పూయడానికి ఎవరు డబ్బిస్తున్నారు? ఎవరూ ఇవ్వడం లేదు. అందుకే ఆ పనులు జరగడం లేదు. నేల సిద్ధం చేసే పనికి రోజుకూలి విడిగా మాట్లాడుకోండి. అడుగుకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి, జిగురు నిండుగా వేయమని ముందే మాట తీసుకోండి. మేస్త్రి తొందరపడేది మనం పెట్టిన లెక్కను బట్టే.

పని అయ్యాక ఒక రోజు దాని మీద ఎవరినీ నడవనివ్వకండి. తర్వాతే గ్రౌట్. బీరువాలు, మంచాలు వారం ఆగాక జరపండి. తలుపులు మర్చిపోకండి. టైలు, జిగురు కలిసి నేల ఎత్తు పెరుగుతుంది. పాత ఇంట్లో తలుపు అడుగు కోయించాల్సి రావచ్చు. అది పని మొదలవకముందే చూసుకోవాలి. వంటింట్లో పసుపు, నూనె పడతాయి కాబట్టి అక్కడ ఎపాక్సీ గ్రౌట్ వేయిస్తే మరక అంత తేలిగ్గా పట్టదు. మామూలు సిమెంటు గ్రౌట్ ఉన్నచోట యాసిడ్ పోసి కడగకండి. యాసిడ్ టైలును మెరిపిస్తుందని అనుకుంటాం. అది గ్రౌట్‌ను తినేస్తుంది. సందులు గుల్లబడి నీళ్ళు లోపలికి దిగుతాయి.

ఆఖరుగా ఒక పెట్టె సంగతి. టైల్స్ కొనేటప్పుడు లెక్కకు పది శాతం ఎక్కువ కొనండి. పెట్టెలన్నిటి మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా అని దించుకునేటప్పుడే చూడండి. వేరే బ్యాచ్ టైలు విడిగా చూస్తే తేడా తెలియదు. పక్కపక్కన వేశాక తెలుస్తుంది. పని ముగిశాక మిగిలిన టైల్స్ పక్కవాళ్ళకు ఇచ్చేయకండి. పదేళ్ళ తర్వాత ఒక టైలు పగిలితే, ఆ రంగు, ఆ కొలత దేశంలో ఎక్కడా దొరకదు. కనీసం ఒక పెట్టె, దాని మీది చీటీ చింపకుండా, అటక మీద దాచుకోండి.